పొంగుచూర్ణములు – గృహిణి యెఱుగవలసిన సంగతులు

మన యిండ్లలో వంటగదికిని మందులపెట్టెకును నడుమ నుండెడి వస్తువులు కొన్ని కలవు. వాము, శొంఠి, జీలకఱ్ఱ, సైంధవలవణము అట్టివి. వాని సరసన మఱియొకటి వచ్చి చేరినది. చిన్న పొట్లము, లోపల తెల్లని పొడి, గ్లాసెడు నీళ్లలో వేసినచో బుసబుస పొంగును. విందు భోజనము చేసిన నాడు మగవారు దీనిని త్రాగుదురు. పండుగ మఱునాడు చుట్టములు అడిగి పుచ్చుకొందురు. అందఱును నిద్రించిన పిదప, రొమ్ములో మంట తాళలేక గృహిణి యొంటరిగా త్రాగును. వెల స్వల్పము. వైద్యుని చీటీ యక్కఱలేదు. త్రాగిన కొన్ని నిమిషములకే త్రేన్పు వచ్చి మంట చల్లబడును. అందువలన నిది మందను తలంపే మనకు కలుగుట లేదు.

ఇది విషము కాదు. తగిన వేళ, తగిన మోతాదున వాడినచో మేలే చేయును. మేము దీనిని నిందించుటకు కలము పట్టలేదు. ఒక్క సంగతి మాత్రము మా సోదరీమణుల మనస్సున నాటవలెనని మా కోరిక. ఈ చూర్ణము ఒకనాటి బాధకు ఏర్పడినది గాని ప్రతిదినపు అలవాటునకు కాదు. అది మంటను అణచును. మంట యేల కలిగెనో చెప్పదు. చెప్పవలసిన దానిని చెప్పనీయక నోరు మూసిన సందర్భములును కలవు.

పొంగులో నేమున్నది?

ఈ చూర్ణములలో ముఖ్యమైన పదార్థములు రెండే. ఒకటి మన మెఱిగిన వంటసోడా. దానిని రసాయనశాస్త్రజ్ఞులు సోడియం బైకార్బొనేటు అందురు. రెండవది నిమ్మఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము. మన దేశమున అమ్మెడి కొన్ని పొట్లములపై వీనికి స్వర్జిక్షారము, నింబుకామ్లము అను సంస్కృతనామములు ముద్రింపబడి యుండును. ఆ పేర్లు చూచి యిది కేవలము మూలికల మందనియు, ఎంత పుచ్చుకొన్నను హాని లేదనియు తలపరాదు. పేరు మారినంత మాత్రమున పదార్థము మారదు.

పొడిగా నున్నంత కాలము ఆ రెండును ఒకదాని జోలికి మఱియొకటి పోవు. నీరు తగిలినంతనే క్షారమును ఆమ్లమును కలిసి బొగ్గుపులుసు వాయువును పుట్టించును. అది బుడగలై పైకి లేచుటయే పొంగు. పేరొందిన యొక రకమున 5 గ్రాముల పొట్లములో సోడా సుమారు 2.3 గ్రాములును, నిమ్మఉప్పు సుమారు 2.2 గ్రాములును, సోడియం కార్బొనేటు అరగ్రామును ఉండును. లెక్క కట్టి చూచినచో ఆ యొక్క పొట్లమునుండి పుట్టెడి వాయువు సుమారు ముప్పాతిక లీటరగును. చిన్న పొట్లములో నింత గాలి దాగియున్నదని చాలమంది యెఱుగరు.

పొంగు చల్లారిన తరువాత నీటిలో సోడియం సిట్రేటు అను లవణము కరిగి మిగులును. జఠరములోని యామ్లమును శాంతింపజేయు గుణము ఈ లవణమునందే యున్నది. కావున "పొంగుచుండగనే గుటుక్కున మ్రింగవలెను, లేనిచో మందు చచ్చిపోవును" అను మాట వట్టి యపోహ. పొంగు అడగినను మందు గ్లాసులోనే యుండును. పొంగుతో మ్రింగినచో అదనముగా లోనికి పోవునది గాలి మాత్రమే. ఆ గాలి త్రేన్పై వెడలినపుడు కలిగెడి హాయినే మనము మందు గుణమని భ్రమించుచున్నాము.

నీటిలో వాయువును కలిపి త్రాగెడి వేడుక యీనాటిది కాదు. 1767లో ఇంగ్లండునందలి లీడ్సు పట్టణమున జోసఫ్ ప్రీస్ట్లీ యనునాయన, సారాయి పులియబెట్టు తొట్లపై నిలిచియుండెడి వాయువును నీటిలో కలిపి చూచెను. సోడానీళ్ల కదియే మొదలు. 1872లో హైరమ్ కాడ్ అనునాయన గోళీతో మూయబడెడి సీసాను కనిపెట్టగా, మన యూళ్లలో గోళీసోడా యవతరించినది. పొడుల చరిత్ర వేఱు. బొహీమియాలోని సెడ్లిట్జ్ గ్రామపు ఊటనీటి పేరు పెట్టుకొని సెడ్లిట్జ్ పొడి యనునది విరివిగా అమ్ముడుపోయెడిది. అది రెండు పొట్లములుగా వచ్చెడిది: నీలికాగితమున క్షారమును, తెల్లకాగితమున ఆమ్లమును ఉండెడివి. త్రాగు వేళనే రెంటిని కలిపెడివారు. 19వ శతాబ్దమున న్యూకాజిలు రేవుపట్టణమున మందులంగడి నడిపిన జేమ్స్ క్రాస్లీ ఈనో చేసిన ఫలలవణము ఒకే పొడిగా వచ్చి లోకమంతయు ప్రాకినది. నేటికిని మన తెలుగునాట ఆ పొడి కాయన పేరే నిలిచియున్నది.

సెడ్లిట్జ్ పొడిని రెండు కాగితములలో నేల కట్టిరో గ్రహించినచో, మన సీసాను ఎట్లు భద్రపఱచవలెనో తెలియును. తేమ తగిలినచో ఆమ్లమును క్షారమును డబ్బాలోనే కలిసి వాయువు వెడలిపోవును. కనుక సీసాలో తడిచెంచా పెట్టరాదు. మూత బిగించి పొయ్యికి దూరముగా నుంచవలెను. గడ్డకట్టిన పొడి పని చేసినది చేయనిది తెలియదు. దానిని పారవేయుట మేలు.

త్రాగు విధానము

పొట్లముపై వ్రాసినన్ని నీళ్లు ముందుగా గ్లాసులో పోయవలెను, అరగ్లాసునకు తగ్గరాదు. పిమ్మట పొడి వేసి, పూర్తిగా కరిగి పొంగు అడగువఱకు ఆగి, మెల్లగా త్రాగవలెను. పొడిని నాలుకపై వేసికొని మీద నీళ్లు త్రాగుట మిక్కిలి తప్పు. అట్లు చేసినచో గ్లాసులో వెడలవలసిన వాయువంతయు జఠరములో వెడలును.

కడుపు పట్టజాలనంత నిండియున్నపుడు దీనిని త్రాగరాదు. ఇది వినుటకు వింతగా దోచును. ఏలయనగా మనలో ననేకులు సరిగా నపుడే దీనిని వెదకుదురు. 1979లో అమెరికాలో ఒక పత్రికారచయిత కడుపునిండ విందారగించి, బరువు తీరుటకై వంటసోడా నీళ్లలో కలిపి త్రాగగా జఠరము చినిగెను. శస్త్రచికిత్స జరుగుటచే ప్రాణము దక్కినది. ఇట్టివి మిక్కిలి యరుదు. అయినను, ఆ దేశమున వంటసోడా డబ్బాలపై "పూర్తిగా కరుగనిదే త్రాగరాదు, కడుపు మితిమీఱి నిండియున్నపుడు త్రాగరాదు" అను హెచ్చరికలు ముద్రింపబడుచున్నవి. భోజనమైన వెంటనే బరువనిపించినచో, ముందు కొంతసేపు మెల్లగా నటునిటు నడచుట మేలు.

పొట్లము లేని నాడు వంటసోడానే అంచనాగా కలుపుకొనెడి యలవాటు పల్లెలలోను పట్టణములలోను కలదు. అంచనా యొక్కొక్క చేతికి ఒక్కొక్క తీరుగా నుండును. సమముగా గీచిన చిన్న తేనీటి చెంచాడు వంటసోడాలో పొంగుచూర్ణపు పొట్లములో కంటె నెక్కువ క్షారము కలదు. పైగా దానితో నిమ్మఉప్పు లేదు కాబట్టి, వాయువంతయు జఠరములోని యామ్లముతో కలిసి లోపలనే పుట్టును. కావున చేతివాటపు మోతాదు మానవలెను. వంటసోడా వేఱు, బట్టల సోడా వేఱు అనునది మఱియొక ముఖ్యమైన మాట. బట్టల సోడా నోటిని, గొంతును కాల్చగలదు. రెండింటిని ఒకే గూటిలో, ఒకే రకపు డబ్బాలలో నుంచరాదు. డబ్బాపై పేరు వ్రాసి యుంచవలెను.

కనబడని యుప్పు

ఈ చూర్ణమును గుఱించి గృహిణి తెలిసికొనవలసిన సంగతులలో మేము మొదట నెన్నునది దీనిలోని సోడియము. పైని చెప్పిన 5 గ్రాముల పొట్లములో సుమారు 0.85 గ్రాము సోడియము కలదు. మన వంటయుప్పుతో పోల్చి చెప్పినచో, అది రెండు గ్రాములకు పైచిలుకు ఉప్పు తినుటతో సమానము. పెద్దవారు దినమునకు 5 గ్రాముల కంటె తక్కువ యుప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా ఒక్క గ్లాసుతో ఆ దినపు ఉప్పులో నించుమించు నలుబదిపాళ్లు చెల్లిపోవును. రెండు గ్లాసులైనచో చెప్పనేల? ఆవకాయయు, అప్పడములును, ఊరమిరపకాయలును వేఱుగా నుండనే యున్నవి.

రక్తపుపోటు గల యిల్లాలు, వైద్యుడు చెప్పెనని కూరలో నుప్పు తగ్గించి, చప్పిడి చారుతో నన్నము తిని, రాత్రి కడుపు ఉబ్బరమని ఈ చూర్ణము త్రాగుట మనము చూచుచునే యున్నాము. నాలుకకు ఉప్పదనము తెలియదు, నిమ్మరుచియే తెలియును. పగలంతయు విడిచిన యుప్పు రాత్రి గ్లాసులో తిరిగి వచ్చినది. కాళ్లవాపులు తగ్గుట లేదని, పోటు దిగుట లేదని వైద్యునితో మొఱపెట్టుకొనునపుడు ఈ గ్లాసు మాట ఆమెకు తోపదు, ఆయనయు నడుగడు.

ఇది యూహామాత్రము కాదు. 2013లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక వ్యాసమును ప్రకటించిరి. నీళ్లలో పొంగి కరగెడి, సోడియముతో కూడిన మందులను గుఱించి బ్రిటనునందు 12 లక్షలకు పైబడిన రోగుల వివరములను వారు పరిశీలించిరి. సోడియము లేని రకములను వాడినవారితో పోల్చగా, ఇట్టి మందులు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతము మొదలైనవాని సంభవము సుమారు నూటికి 16 వంతులు హెచ్చుగా నుండెను; రక్తపుపోటు మఱింత హెచ్చుగా కానవచ్చెను. ఇట్టి పరిశీలనవలన సోడియమే సర్వకారణమని రుజువు కాదు. కాని జాగ్రత్తపడుట కింతమాత్రము చాలును. తలనొప్పికి వాడెడి పొంగుబిళ్లలకును ఈ మాటయే వర్తించును.

రవ్వ ఇడ్డెనలలోను, డోక్లాలోను ఈ చూర్ణమును కలిపెడి వాడుక కూడ ప్రబలినది. పిండిలో వేసినపుడు వాయువు వెడలి యిడ్డెన గుల్లగా నగును. సోడియము మాత్రము పిండిలోనే నిలుచును. ఇంట రక్తపుపోటు గలవారున్నచో నట్టి పిండిలో వేసెడి యుప్పును తగ్గించుట బుద్ధిమంతుల పద్ధతి. పిండిని రాత్రి రుబ్బి పులియబెట్టినచో నసలు దీని పనియే లేదు.

ఎవరు దూరముగా నుండవలెను?

రక్తపుపోటు, గుండెజబ్బు, కాలేయవ్యాధి, కాళ్లవాపులు గలవారు వైద్యు నడుగక దీనిని ముట్టరాదు. మూత్రపిండములు బలహీనమైనవారి మాట వేఱే చెప్పవలెను. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండవ్యాధి యెన్ని కుటుంబములను కలచివేసినదో మన పాఠకురాండ్రెఱుగుదురు. అట్టివారి దేహమునుండి సోడియమును క్షారమును తేలికగా వెలికి పోవు. కొందఱు రోగులకు వైద్యులే సోడాబిళ్లల నిత్తురు, నిజమే. అది రక్తపరీక్ష చేసి, కొలిచి యిచ్చునది. దానిని చూచి మనమంతట మనము పొట్లము విప్పుట వేఱు.

గర్భిణులకు రొమ్ముమంట సామాన్యము. నెలలు నిండుకొలది హెచ్చును. ఆ కాలమున సోడాతో కూడిన చూర్ణములు వారికి తగవు. నీరుపట్టుటకును పోటు పెరుగుటకును అవకాశము కలదు. వారికి తగిన మందులు వేఱే యున్నవి. పరీక్షకు పోయినపుడు సిగ్గుపడక యడుగవలెను. పండ్రెండేండ్లలోపు బిడ్డలకు దీనిని పెద్దలు తమంతట నీయరాదు. పసికందు కడుపునొప్పితో నేడ్చుచున్నదని చుక్కయైనను పోయరాదు.

నలుబదియేండ్లు దాటిన స్త్రీలు ఎముకల బలమునకై సున్నపుబిళ్లలు, అనగా కాల్షియము బిళ్లలు, మ్రింగుట నేడు సర్వసాధారణము. దానికి పాలును, క్షారమును అధికముగా తోడైనచో కలుగు ప్రమాద మొకటి కలదు. 1915లో షికాగో నగరపు వైద్యుడు బెర్ట్రం సిప్పీ, జఠరపు పుండునకు గంటగంటకు పాలును క్షారచూర్ణములును ఇచ్చెడి చికిత్సను ప్రకటించెను. ఆ చికిత్స పొందినవారిలో కొందఱికి వాంతులు, తలనొప్పి, మూత్రపిండముల చేటు కలుగుచున్నట్లు 1923 నాటికి వైద్యులు గుర్తించిరి. రక్తములో సున్నమును క్షారమును హెచ్చుటయే దానికి కారణము. పాలు మంచివే, బిళ్లలు మంచివే, చూర్ణమును ఒకప్పుడు మంచిదే. మూడింటిని లెక్కలేక కలుపుట మంచిది కాదు.

ఇతర మందులతో దీనికి గల పొత్తును కూడ తెలిసికొనవలెను. జఠరములో ఆమ్లము తగ్గినపుడు ఇనుపబిళ్లలలోని సత్తువ సరిగా రక్తమునకు చేరదు. రక్తహీనతకై నెలల తరబడి బిళ్లలు మ్రింగియు రక్తము పట్టని స్త్రీలు, తాము రోజూ త్రాగెడి చూర్ణమును గుఱించి వైద్యునికి తప్పక చెప్పవలెను. గళగ్రంథికి వాడెడి థైరాయిడ్ మాత్రలు, జ్వరములకు వాడెడి కొన్ని సూక్ష్మజీవినాశక మందులు కూడ ఆమ్లహారి మందులతో కలిసినచో వాని బలము తగ్గవచ్చును. సామాన్యముగా రెండు గంటల యెడము పాటింపవలెను. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు విడుచుట మేలు.

పొంగెడి దెల్ల ఒకటి కాదను మాట కూడ నిచట చెప్పవలెను. 1931లో అమెరికాలో వెలసిన ఆల్కా-సెల్ట్జర్ వంటి బిళ్లలలో సోడా, నిమ్మఉప్పులతో పాటు ఆస్పిరిన్ కూడ చేరియుండును. కడుపుమంటకై దానిని మ్రింగిన వారిలో కొందఱికి జఠరమున రక్తస్రావము కలిగినదని 2016లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ హెచ్చరించినది. విదేశములనుండి బిడ్డలు పంపిన మందులలో నిట్టివి వచ్చుచుండును. డెంగీ జ్వరమున ఆస్పిరిన్ తగదు. పిల్లలకు అసలే తగదు. కాబట్టి పొట్లముపై నున్న చిన్న యక్షరములను చదువక ఏదియు త్రాగరాదు. చదువరాని పెద్దమ్మ యింట నున్నచో, చదివి చెప్పుట పిల్లల వంతు.

మంట చెప్పెడి మాట

ఇక మేము అన్నింటికంటె ముఖ్యముగా నెన్ను సంగతికి వచ్చుచున్నాము. కడుపుమంట యనునది వ్యాధి కాదు, వ్యాధి పంపిన వార్త. ఒక్కొక్కప్పుడది చిన్నవార్త: నిన్నటి విందు, నేటి యుపవాసము, మితిమీఱిన కారము. ఒక్కొక్కప్పుడు పెద్దవార్త.

గుండెపోటు వచ్చునపుడు ఆ బాధ గ్యాసువలెనే తోచుట కలదు. ఆడవారిలో నిది మఱింత మోసపుచ్చును. రొమ్ము పట్టివేయునట్టి నొప్పి కొందఱికి రాదు. వికారము, పొట్టపైభాగమున బరువు, దవడనొప్పి, వెన్నునొప్పి, ఊపిరాడకపోవుట, కారణము లేని నీరసము, చెమట – ఇవియే వచ్చును. "ఏమియు లేదు, గాలి పట్టినది" అని గ్లాసెడు పొంగునీళ్లు త్రాగి పడుకొనుట యెంతటి యనర్థమునకు దారితీయునో వేఱే చెప్పనక్కఱలేదు. ఒక త్రేన్పు వచ్చి సుఖముగా నున్నట్లు తోచినను గుండెకు మేలైనదని అర్థము కాదు. చెమటతోను, ఊపిరిపట్టుటతోను, చేయి, దవడ, వెన్నులకు ప్రాకెడి నొప్పితోను కూడిన మంటకు పొడి మందు కాదు. 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన యా వాహనసేవ మనకు అందుబాటులో నున్నది. అర్ధరాత్రి మగవారిని లేపుట కష్టమనియు, తెల్లవాఱిన తరువాత చూతమనియు ఆగరాదు. ఆ కొన్ని గంటలే ప్రాణమునకు విలువైనవి.

రెండవ పెద్దవార్త జఠరపు పుండు. తరతరములుగా నిది కారమువలనను చింతవలనను కలుగునని అందఱును నమ్మిరి. 1982లో ఆస్ట్రేలియా దేశపు పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులిద్దఱు జఠరమున హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవిని వేఱుపఱచి పెంచి చూపిరి. దానికిని పుండునకును గల సంబంధమును వెల్లడించినందుకు 2005లో వారికి నోబెలు బహుమాన మీయబడినది. ఆ సూక్ష్మజీవి యున్నచో రమారమి రెండు వారముల మందులతో దానిని తొలగింపవచ్చును. ఆలోచించి చూడుడు. రెండు వారములలో తొలగదగిన కారణమును తొలగింపక, పది సంవత్సరములు ప్రతిరాత్రియు పొట్లము విప్పుచున్న తల్లు లెందఱు కలరో!

మోకాలినొప్పులకై అంగడినుండి తెచ్చుకొని మ్రింగెడి నొప్పిబిళ్లలు కూడ జఠరమును పుండు చేయగలవు. ఉదయము నొప్పిబిళ్ల, రాత్రి పొంగుచూర్ణము – ఈ క్రమము నడచుచున్న యింట ఒకటి చేసిన గాయమును మఱియొకటి కప్పుచున్నది.

ఈ క్రింది గుర్తులలో నే యొక్కటి కనబడినను చూర్ణమును ప్రక్కన బెట్టి వైద్యుని చూడవలెను: మ్రింగునపుడు అన్నము అడ్డుపడుట, వాంతిలో రక్తముగాని కాఫీపొడివంటి నలుపుగాని కనబడుట, మలము తారువలె నల్లగా నగుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, నడివయస్సు దాటిన తరువాత క్రొత్తగా మంట మొదలగుట, మందు వాడుచున్నను రెండు వారములకు మంట తగ్గకుండుట. ఇనుపబిళ్లలు మ్రింగువారికి మలము నల్లబడుట సహజము. అయినను సందేహమున్నచో నడిగి తెలిసికొనుట మేలు.

మంట రాకుండ

మంటకు మూలము వంటకములోనే యున్నదని మనము వంటకత్తెను నిందింతుము. మా యభిప్రాయమున దోషము పదార్థములోకంటె వేళలో నెక్కువగా నున్నది. ఇంటిల్లిపాదికి వడ్డించి, పాత్రలు సర్ది, రాత్రి పది దాటిన తరువాత మిగిలిన కూరయు పచ్చడియు కలుపుకొని తిని, అలసటచే వెంటనే నడుము వాల్చు గృహిణికి రొమ్ముమంట రాకుండుట యెట్లు? పడుకొన్నపుడు జఠరములోని యామ్లము పైకి ఎగదన్నును. ఉదయమంతయు కాఫీతోనో తేనీటితోనో గడపి, మధ్యాహ్నము రెండింటికి భుజించుటయు నట్టిదే.

కాబట్టి రాత్రి భోజనమునకును శయనమునకును రెండు మూడు గంటల యెడ ముండవలెను. గృహిణియు అందఱితో కూర్చుండి భుజించుట మర్యాదకు లోపము కాదు, ఆరోగ్యమునకు తొలిమెట్టు. కడుపు బిగువుగా తినక, కొంత వెలితి యుంచవలెను. నూనె తేలెడి వేపుళ్లు, మితిమీఱిన కారము, పొగాకు, కాఫీ – ఎవరికి ఏది పడదో వారే గమనించి తగ్గింపవలెను. మంచపు తలవైపు కోళ్లక్రింద ఇటుకలు పెట్టి జానెడులో సగము ఎత్తుచేయుట, ఎడమప్రక్కకు తిరిగి పరుండుట కూడ గుణమిచ్చును. నడుమునకు చీర బిగించి కట్టుట, పొట్టచుట్టు కొవ్వు పెరుగుట మంటకు తోడ్పడునవి. పలుచని మజ్జిగ కొందఱికి హాయి నిచ్చును. అది పడని వారును కలరు.

ఇన్ని చేసినను ఎప్పుడో యొకనాడు కడుపు మొఱపెట్టును. ఆనాడు పొట్లము విప్పి, నీళ్లలో కరిగించి, పొంగు అడగనిచ్చి, నెమ్మదిగా త్రాగుడు, దోషము లేదు. కాని మీ మందులపెట్టెలో నొక చిన్న కాగిత ముంచి, త్రాగిన ప్రతిదినమును ఆ తేదీ వ్రాసి యుంచుడు. నెల తిరుగునప్పటికి ఆ కాగితముపై నాలుగైదు తేదీలకు మించి యున్నచో, దానిని తీసికొని వైద్యునియొద్దకు పొండు. మీరు నోటితో చెప్ప సందేహించు దానిని ఆ కాగితము చెప్పును. ఇంటిలో నెవరి కడుపు నొచ్చినను ముందుగా నెఱుగునది గృహిణి. తన కడుపు నొచ్చినపుడును ఆమె యంతటి శ్రద్ధ వహింపవలెనని మా విన్నపము.